ఎడమ దిక్కు జాగ

దేవన్న పాట మొదటిసారి విన్నప్పుడు నాకు చిరాకేసింది. గొంతు బాగోలేక కాదు. గొంతు బ్రహ్మాండంగా ఉంది. కానీ ప్రతి చరణం చివర గాలి పీల్చుకునే వాడిలా ఆగిపోతాడు. మనం ముందుకి వంగి ఎదురుచూస్తాం, ఆయనేమో పక్కకి తిరిగి చూస్తాడు. అక్కడెవరూ ఉండరు. మళ్లీ ఎత్తుకుంటాడు. వినేవాడికి మెట్లు దిగుతూ ఒక మెట్టు తప్పినట్టు ఉంటుంది.

అది 2013. రియాద్‌లో బతా బజారు వెనక సందులో ఉన్న తెలుగు మెస్సు. నితాఖత్ అనే మాటకి అందరూ హడలిపోతున్న రోజులు. ప్రతి కంపెనీలో ఇంతమంది సౌదీలు ఉండి తీరాలి, లేని కంపెనీ ఎర్ర జాబితాలో పడుతుంది, ఎర్రలో పడ్డ కంపెనీ పనివాళ్లకి దేశంలో ఉండనిచ్చే ఇకామా కార్డు మళ్లీ రాదు. కార్డు లేనివాడిని పోలీసులు ఎక్కడ పట్టుకుంటే అక్కడినుంచే పంపించేస్తారు. మామూలుగా శుక్రవారం బతాలో భుజాలు రాసుకోకుండా నడవలేం. ఆ రోజు మాత్రం మెస్సులో పట్టుమని ఇరవైమంది లేరు. మా ఆవిడ సుందరి ప్రభుత్వాసుపత్రిలో నర్సు, ఆ రోజు డ్యూటీలో ఉంది కనక నేను మెస్సు కూటికి వచ్చాను. నా పేరు జ్ఞానరాజు. ఒక ప్రైవేటు క్లినిక్‌లో వ్యాను నడుపుతాను. మాది కోనసీమ.

"ఏంటయ్యా, పాట మర్చిపోతున్నావా? మధ్యలో ఆ ఆగడమేంటి?" అని అడిగేశాను. నోరు ఊరుకోదు నాకు.

ఆయన ఏమీ అనుకోలేదు. "ఆడ మా ఆమె అందుకుంటది సార్. పెండ్లయినప్పటి సంది అలవాటు. ఆపకుంట పాడుదమంటే గొంతు ఇనదు" అన్నాడు.

దేవన్నది జగిత్యాల వైపు పల్లె. వాళ్ల కులవృత్తి శారద కథలు చెప్పడం. శారద అంటే తంబుర లాంటి తీగల వాయిద్యం. మగవాడు దాన్ని భుజాన పెట్టుకుని నిలబడి కథ నడుపుతాడు. భార్య పక్కన నిలబడి డక్కి అనే చిన్న డోలు వాయిస్తూ వంత పాడుతుంది. దేవన్న భార్య గౌరవ్వ. పెళ్లయిన మూడో నెల నుంచి ఇద్దరూ ఊరూరా తిరిగి కథలు చెప్పారు. టీవీలొచ్చాక కథకి పిలిచేవాళ్లు తగ్గారు. పిలిచినా, కథ అయ్యాక చేటలో వడ్లు పోసి చేతులు దులుపుకునేవాళ్లు. 2009లో దేవన్న ఏసీల మెయింటెనెన్స్ కంపెనీ వీసా మీద రియాద్ వచ్చాడు. గౌరవ్వ డక్కి అటక మీద పెట్టి బీడీలు చుట్టడం మొదలుపెట్టింది.

వారం రోజులూ దేవన్న స్కూళ్లల్లో, ఆఫీసుల్లో నిచ్చెనెక్కి ఏసీ జాలీలు కడిగేవాడు. శుక్రవారం మాత్రం ఆయన మనిషి వేరు. పొద్దున్నే స్నానం, నుదుట బొట్టు, ఇస్త్రీ చొక్కా, భుజాన తండ్రి నాటి శారద. ఈ క్యాంపు వాళ్లు పిలిచారని ఒక వారం, ఆ క్యాంపు వాళ్లు పిలిచారని ఇంకో వారం. ఖర్జ్ వెళ్లాడు, దమ్మాం వెళ్లాడు, ఖోబర్‌లో అల్ అజీజియా వైపు క్యాంపుల్లో అయితే ఆయన కోసం చాపలు ముందే పరిచి ఉంచేవాళ్లు. ఎవరి కారు దొరికితే వాళ్ల కారులో తిరిగేవాడు. రానురాను ఆ కారు నాదే అయింది. నేను పుట్టినప్పటి నుంచీ చర్చి పాటలు విన్నవాణ్ణి, ఈ రాజుల కథలు నాకెందుకు? అయినా గురువారం సాయంత్రానికి బండికి పెట్రోలు కొట్టించి ఉంచేవాణ్ణి. సుందరి నవ్వేది.

రోజూ రాత్రి భోజనాలయ్యాక దేవన్న ఫోను గౌరవ్వకి వెళ్లాల్సిందే. ఐఎంఓ వచ్చాక ముఖాలు చూసుకుంటూ మాట్లాడుకునేవాళ్లు. మాట్లాడటమంటే ఏముంది, ఆ వారం ఎక్కడ పాడాడో చెప్పేవాడు. చివరికి ఒకే మాట: "నువ్వు లేంది కథ నిండుగ లేదే గౌరవ్వ." నేను పక్కనుంటే వెక్కిరించేవాణ్ణి, రోజూ అదే మాట అప్పజెప్పడానికి ఫోనెందుకు, రికార్డు చేసి పెట్టుకోరాదా అని. ఆవిడ అవతల నవ్వుతున్నట్టు వినబడేది.

2017 ఉగాదికి రియాద్ బయట ఒక విశ్రాంతి గృహం అద్దెకి తీసుకున్నారు తెలుగువాళ్లు. చుట్టూ ఎత్తు గోడ, లోపల పచ్చిక, కుటుంబాలన్నీ వచ్చాయి. అప్పటికి రోజులు ఇంకా గట్టిపడ్డాయి. దేవన్న కంపెనీ ఎర్రలో పడి ఆయన ఇకామా ముగిసి ఎనిమిది నెలలు. జూలై నుంచి ఇంట్లో ఉన్న ప్రతి తలకీ లెవీ కట్టాలని చెప్పారు కనక మేం మా అమ్మాయిని జూన్‌లో అమలాపురం హాస్టల్‌కి పంపించేద్దామని నిశ్చయించుకున్నాం. అందరి ముఖాల్లోనూ అదే దిగులు. కాసేపు నవ్వుకుందామనే ఆ ఏర్పాటు.

ఆ రోజు నాకో గొప్ప ఆలోచన వచ్చింది. నా గొప్ప ఆలోచనల సంగతి సుందరిని అడగండి. మేం నాలుగిళ్ల వాళ్లం కలిసి ఇంట్లో తలుపులేసుకుని ప్రార్థన చేసుకుంటాం, అందులో సుందరి డోలక్ వాయిస్తూ పాడుతుంది. తాళం ఒక్క వెంట్రుక వాసి తప్పదు. "ఇన్నేళ్లూ ఒంటిగొంతుతో పాడావు, ఈ ఒక్కరోజు మా ఆవిడ అందుకుంటుంది" అన్నాను దేవన్నతో. రెండో మైకు తెచ్చి ఆయన ఎడమ పక్కన పెట్టింది కూడా నేనే. దేవన్న ఆ మైకు వంక చూశాడు, నా వంక చూశాడు, ఏదో అనబోయి మానేశాడు. సుందరి డోలక్ మెడలో వేసుకుని వచ్చి నిలబడింది.

పాట అదిరిపోయింది. నిజం చెప్పాలి కదా. సంద్రపు రాజు కథలో ఒక ముక్క పాడారు. దేవన్న ఆగినచోటల్లా సుందరి అందుకుంది. నాలుగేళ్లుగా నాకు తప్పిపోతూ వచ్చిన ఆ మెట్టు ఆ రోజు కాలికింద తగిలింది. చంటిపిల్లలు కూడా ఏడుపు మానేసి విన్నారు. ఎవరో వీడియో తీశారు. వారం తిరక్కుండా వాట్సాప్‌లో అది తిరగని ఊరు లేదు.

రెండు వారాల తరవాత శుక్రవారం దేవన్న నా కారెక్కాడు కానీ శారద తేలేదు. మనిషి గడ్డం పెంచేశాడు. ఏమయిందని అడిగాను.

"గౌరవ్వ ఫోన్ ఎత్తుత లేదు రాజన్నా. పన్నెండు రోజులాయె. నిన్న వాళ్ల తమ్ముడు ఎత్తిండు. ఆడ ఆమెను తెచ్చుకున్నవట గద, ఇగ మా అక్కతోని నీకేం పని అన్నడు."

"ఏ ఆమెని?"

దేవన్న కిటికీ వైపు తిరిగిపోయాడు. "మా కులంల శారద పట్టినోని ఎడమ దిక్కు జాగ పెండ్లాందే. ఆడ నిలబడి వంత పాడిందంటే ఆమె అతని ఆలి కిందనే లెక్క. పెండ్లి పందిట్ల సుత పుస్తె కట్టినంక ముందుగాల చేసే పని అదే, ఎడమ దిక్కు నిలబెట్టి డక్కి చేతికిస్తరు."

నాకు మొదట నవ్వొచ్చింది. తరవాత విషయం బుర్రకెక్కి ఒళ్లు మండింది. అంటే జగిత్యాల చుట్టుపక్కల వాళ్ల చుట్టాలందరూ నా భార్యకి దేవన్నతో పెళ్లి చేసేసి కూర్చున్నారన్నమాట. మైకు పెట్టిన పెళ్లిపెద్దని నేను. కారు పక్కకి లాగి ఆపాను.

"మరి అప్పుడే చెప్పొచ్చు కదయ్యా. మైకు కుడిపక్క పెట్టమంటే చేతులు అరిగిపోతాయా నాకు?"

"అక్క ముంగట ఎట్ల చెప్త? అక్కా నువ్వు ఈడ నిలబడితే నా పెండ్లామైతవని చెప్పాల్నా? నోరు రాలే. ఈడ మన దేశం కాదు, మనోళ్లెవరు చూస్తరు లే అనుకున్న."

తిట్టాలనుకున్నాను గానీ కారు మళ్లీ ముందుకి పోనిచ్చాను. నేనయినా చెప్పేవాణ్ణి కాదు.

ఇంటికొచ్చి సుందరికి చెబితే ఆవిడ నాలా నవ్వలేదు, మండిపడలేదు. "నంబరివ్వండి" అంది. రెండ్రోజులు ప్రయత్నిస్తే మూడోరోజు గౌరవ్వ ఫోను ఎత్తింది. సుందరి స్పీకరు పెట్టి, తప్పంతా మాదేనని, మాకు మీ పద్ధతి తెలియదని, ముక్కుకి సూటిగా చెప్పింది. అవతలనుంచి గొంతు మెల్లగా వచ్చింది.

"నీ మీద నాకేం కోపం లేదక్కా. నువ్వు తెల్వక నిలబడ్డవని నాకు ఎరికే. మా తమ్ముడు కోపిష్టోడు, ఆడు అన్న మాట ఇడిసిపెట్టు. నువ్వు మంచిగనే అందుకున్నవ్."

"మరి ఎందుకమ్మా ఫోను ఎత్తడం లేదు? ఆయన తిండి కూడా సరిగా తినట్లేదు."

"ఎనిమిదేండ్ల సంది నువ్వు లేంది కథ నిండుగ లేదే అని చెప్పుకుంటొచ్చిండు. ఆ ఒక్క మాట పట్టుకోనే ఈడ బీడీలు చుట్టుకుంట కూసున్న. ఆయన రాకున్నా, నా జాగ నాకున్నది అనుకున్న. ఆ వీడియో మూడుసార్లు చూసిన అక్కా. కథ నిండుగనే ఉన్నది. నేను లేకున్నా నడుస్తది. నడవనీ మరి."

సుందరి ఫోను పెట్టేసి కళ్లు తుడుచుకుంది. ఆసుపత్రిలో ఎన్ని చావులు చూసినా చెక్కుచెదరని మనిషి. నేను ఏమన్నా అంటే ఇంకా ఏడుస్తుందని లేచి టీ పెట్టాను.

అదే సమయానికి రెండు దారులు ఒకేసారి తెరుచుకున్నాయి దేవన్నకి. ఒకటి, ప్రభుత్వం క్షమాభిక్ష ప్రకటించింది. కార్డు లేనివాళ్లు మూడు నెలల్లోపు వచ్చి దేశం విడిచిపోయే ఖురూజ్ ముద్ర వేయించుకుంటే జరిమానా, జైలు లేకుండా ఇంటికి పోవచ్చు. రెండోది ఓబులయ్య. ఈయన ఖోబర్‌లో పెద్ద కంపెనీ సూపర్‌వైజరు, కడప జిల్లా మనిషి, పాటంటే ప్రాణం. వాళ్ల కంపెనీ పచ్చ జాబితాలో ఉంది. ఎర్ర కంపెనీ పనివాణ్ణి పాత కఫీల్, అంటే వీసా ఇచ్చిన యజమాని, ఒప్పుకోకపోయినా తీసుకోవచ్చు. ఫోనులో దేవన్నతో అన్న మాటలు నేను విన్నాను.

"ఏం దేవన్నా, ఇంగా ఏమాలోచన చేస్తాండావు? మా కంపెనీలోకి వచ్చెయ్యి. శుక్రవారం నీది. బహ్రెయిన్ వాళ్లు అడగతాండారు, దుబాయ్ వాళ్లు అడగతాండారు. ఉగాది నాడు పాడిన ఆయమ్మ మాదిరి ఇంగొకరిని చూసి పెడతా. ఊర్లో నీకేముందప్పా?"

దేవన్న చేత సంతకం పెట్టించుకునేందుకు ఓబులయ్య బురైదా వస్తానన్నాడు. మే నెల మొదటి శుక్రవారం బురైదా ఖర్జూరపు తోటల్లో పనిచేసే మనవాళ్లు దేవన్న కథ పెట్టుకున్నారు. వాళ్ల పెద్ద యాదగిరి మూడేళ్లుగా అడుగుతున్నాడు. కార్డు లేని మనిషిని మూడున్నర గంటల దూరం తీసుకెళ్లడం తెలివైన పని కాదు. అయినా బయల్దేరాం.

దారిలో ఒక చెక్‌పోస్టు దగ్గర పోలీసు కారు ఆపి లోపలికి తొంగి చూశాడు. నా ఇకామా తీసి అద్దంలోంచి చాపాను. అతను వెనక సీటులో ఉన్న శారదని చూపించి, "ఊద్?" అన్నాడు, అది వాళ్ల తీగల వాయిద్యం. ఊదే, హిందీ ఊద్, అన్నాను. నవ్వి పొమ్మన్నాడు. ఒక పది కిలోమీటర్లు పోయాం. భయం తగ్గాక నాకు కోపం వచ్చింది, నాకెప్పుడూ అంతే.

"ఒక్క మాట చెప్పు దేవన్నా. నీకు పాట కావాలా, పెళ్లాం కావాలా?"

"రెండు ఒక్కటే ఉండె రాజన్నా. ఈడికొచ్చినంక రెండైనయ్."

"కవిత్వం చెప్పకు. ఖోబర్‌కి పోతావా, ఇంటికి పోతావా?"

వెనక సీటులోని శారద వైపు ఒకసారి తిరిగి చూశాడు. "ఇంటికాడ నేను ఎవరిని? ఇంటింటికి తిరిగి అడుక్కునేటోన్ని. సర్పంచ్ ఇంటి గడప లోపల అడుగు పెట్టనియ్యరు. ఈడ ఇంజనీరు సాబు లేచి నిలబడి కుర్చీ ఇస్తడు. ఈ ముచ్చట గౌరవ్వకు తెల్వది. దానికి చెప్పుకునుడు నాకు సిగ్గు. పోతే ఇది పాయె. పోకుంటే అది పాయె. నేను ఏమని చెప్పాలె?"

నేను వెటకారానికి పుట్టినవాణ్ణి. ఎవరో కుర్చీ ఇస్తే దానికోసం ఆలిని వదులుకుంటారా అని అడగడం తేలికే. నాకు ఎవరూ కుర్చీ ఇవ్వకుండా ఉన్న రోజు లేదు కాబట్టి అడగలేకపోయాను.

తోట చేరేసరికి ఎండ తగ్గుముఖం పట్టింది. ఖర్జూరపు చెట్ల కింద నీళ్లు చల్లి చాపలు వేశారు. అరవైమంది దాకా ఉన్నారు. తోటపని వాళ్లు, ట్యాంకరు డ్రైవర్లు, గొర్రెల కాపరులు ఇద్దరు ముగ్గురు. ఒకాయన నూటయాభై కిలోమీటర్ల అవతల ఎడారిలోంచి వచ్చాడు. నెలల తరవాత తెలుగు మాట వింటున్నానని మాటిమాటికీ చెబుతున్నాడు. ఓబులయ్య తెల్ల చొక్కా, చేతిలో కాగితాల కవరుతో ముందు వరసలో కూర్చున్నాడు.

అప్పుడు సుందరి రియాద్ నుంచి నాకు ఫోను చేసింది. ఆ నెలరోజులూ ఆవిడ గౌరవ్వతో మాట్లాడుతూనే ఉందట, నాకు చెప్పలేదు. "గౌరవ్వ ఒప్పుకుందండి. ఐఎంఓ కలపమనండి. వింటానంది, అంతే. పాడతానని చెప్పలేదు. నచ్చకపోతే పెట్టేస్తుంది."

దేవన్నకి చెప్పాను. ఆయన మొహం చూడాలి. పరీక్షకి పిలిచిన పిల్లాడిలా అయిపోయాడు. నా ఫోను తీసుకుని స్వయంగా కలిపాడు. ఎడమ పక్కన ఒక కుర్చీ వేయించి, దాని మీద తన తువ్వాలు మడిచి పరిచి, ఫోను దానిమీద నిలబెట్టాడు. తెరమీద ఇంటి దూలం, ఒక బల్బు, అంతే కనబడుతోంది. మనిషి లేదు. యాదగిరి ఫోను దగ్గర మైకు పెట్టాడు.

సంద్రపు రాజు కథ ఎత్తుకున్నాడు. రాజు పన్నెండేళ్ల బేరానికి ఓడెక్కి పోతాడు, దీవిలో రాక్షసుడితో యుద్ధం చేస్తాడు, గెలిచి తిరిగొస్తాడు. అదీ కథ. మొదటి చరణం పాడి ఎప్పటిలాగే ఆగి ఎడమ వైపు చూశాడు. ఫోను పలకలేదు. మళ్లీ అదే చరణం పాడాడు. ఆగాడు. జనం ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు.

"సిగ్నల్ లేదప్పా, నువ్వు కానీ" అన్నాడు ఓబులయ్య.

దేవన్న కానిచ్చాడు. గొంతు పట్టు తప్పుతోంది. ఓడ కదిలింది, రాజు పోయాడు, మరుక్షణం దీవిలో యుద్ధం మొదలైంది. క్యాంపుల్లో ఎప్పుడూ అంతే పాడేవాడు, నేను యాభైసార్లు విన్నాను. యుద్ధం వచ్చిందనగానే జనం హుషారుగా చప్పట్లు కొట్టారు.

"ఆగు" అంది ఫోను.

చప్పట్లు ఆగిపోయాయి. తెరమీద ఇప్పుడు ఒక ఆడమనిషి మొహం ఉంది. సన్నటి మొహం, నుదుట పెద్ద బొట్టు.

"రాజు ఓడెక్కిండు. రాక్షసునితోని కొట్లాడుతుండు. నడుమ ఇంటికాడ ఆమె ముచ్చటేది?"

మాటకీ మాటకీ మధ్య రెండు మూడు సెకన్లు పడుతోంది, అంత దూరం నుంచి రావాలి కదా. దేవన్న తలవంచుకున్నాడు.

"ఈడ ఆ పాట పాడక శాన రోజులాయె గౌరవ్వ."

"ఎందుకు?"

"అది నీ పాట గద. వంత పాడే ఆమె పాడేది. నువ్వు లేవని తీసేసిన."

మళ్లీ ఆ రెండు సెకన్లు. "నేను లేకుంటే పాట తీసేస్తరా? అరవైమంది కూసున్నరని సుందరక్క చెప్పింది. ఆళ్ల ఇండ్లల్ల ఎవలు లేరా?"

ఎవరో నవ్వబోయి మింగేశారు. ఫోనులోంచి చెక్క మీద వేళ్లతో కొట్టిన చప్పుడు వచ్చింది. డక్కి కాదు, బీడీల చేట తిరగేసి వాయిస్తోందని తరవాత తెలిసింది. ఎనిమిదేళ్లు పాడని గొంతు మొదట్లో గీరుకుపోయింది. తరవాత కుదురుకుంది.

పొద్దు పొడిచెనంటె పొయ్యి ముట్టిస్తి
ఒక్క గిన్నెల బువ్వ ఒడువనే లేదు
వాకిలూడ్చి వంగి నేలనడిగితి
నీ అడుగు యాడని నేలనడిగితి

పన్నెండేండ్లాయె, పడవ రాదాయె
కొప్పుకు నూనె లేదు, కోపమూ లేదు
ఊరు నిన్ను రాజని అనకున్నగానీ
నా కంట్లె పడ్డోడె నాకు రాజు

ఎడారిలోంచి వచ్చిన కాపరి మోకాళ్లలో తల పెట్టుకున్నాడు. యాదగిరి లేచి చెట్ల వెనక్కి వెళ్లిపోయాడు. నాకు సుందరి రోజూ ఇంట్లో కనబడుతుంది, ఆ పాట నాది కాదు, అయినా తల వంచి చాప అంచు సరిచేస్తూ కూర్చున్నాను. చివరి చరణం విన్నప్పుడు దేవన్న శారద మీంచి చెయ్యి తీసేశాడు. కారులో నాతో చెప్పిన ఆ కుర్చీల సంగతి ఎవరూ చెప్పకుండానే ఆవిడకి ఎలా తెలుసో నాకు తెలియదు. బహుశా అది పాతకాలపు పాటే, ఎప్పటినుంచో అలాగే ఉండి ఉంటుంది. ఆయనే తీసేసి మర్చిపోయాడు.

ఆ పాట తరవాత రాజు జవాబు ఉండాలి. "వస్తున్న" అని మొదలవుతుందట. దేవన్న నోరు తెరిచాడు. "వస్తున్న" అన్నాడు. అక్కడ ఆగిపోయాడు. తీగ మీటాడు, మళ్లీ "వస్తున్న" అన్నాడు. ముందుకి పోలేకపోయాడు. ఎప్పుడూ ఆవిడ కోసం ఆగేవాడు, ఈసారి తనలోనే ఏదో చూసుకోవడానికి ఆగినట్టున్నాడు.

"గౌరవ్వ, ఇది అబద్ధం పాడుడు నాతోని కాదు. మిగిలింది ఇంటికొచ్చి పాడుత" అన్నాడు.

రెండు సెకన్లు.

"ఎప్పుడు?"

దేవన్న నా వంక తిరిగాడు. క్షమాభిక్ష కాగితాలకి ఎన్నిరోజులు పడుతుందో నాకు తెలుసు, క్లినిక్ నుంచి నలుగురిని తీసుకెళ్లి వచ్చినవాణ్ణి. రంజాన్ మొదలవకముందే అయిపోతుందని చెప్పాను.

"ఈ నెలాఖరుకు."

"సగం కథల నిలిపితే కథ చెప్పినోనికి పాపం అంటరు" అంది గౌరవ్వ. ఆవిడ మొహంలో మొదటిసారి కొంచెం నవ్వు కనబడింది. "నెలాఖరు దాకా ఆ పాపం ఇద్దరం మోద్దాం తియ్యి."

కాల్ పెట్టేసింది. జనం సగం కథతో మిగిలిపోయారు, ఒక్కరు కూడా గొణగలేదు. చాలామంది ఫోన్లు తీసుకుని తలో చెట్టు కిందకీ వెళ్లారు. ఓబులయ్య కాగితాల కవరు మడిచి జేబులో పెట్టుకున్నాడు. కోపంగా ఉంటాడనుకున్నాను. "నేనూ పొయ్యి నాలుగేండ్లయిందప్పా" అన్నాడు, అంతే.

తిరుగుదారిలో దేవన్న పడుకోలేదు. చెక్‌పోస్టు దగ్గరపడగానే నాకంటే ముందు తనే నిటారుగా కూర్చున్నాడు. మే ఇరవైమూడున జవాజత్ అనే పాస్‌పోర్టు ఆఫీసులో ఖురూజ్ ముద్ర పడింది. ఇరవయ్యారున విమానాశ్రయంలో దింపాను. శారదని సామానులో వేయమంటే ఒప్పుకోలేదు, కౌంటరు దగ్గర పెద్ద గొడవ, నేనూ రెండు మాటలు అరిచాను. చివరికి చేతిలోనే పట్టుకుపోయాడు. లోపలికి పోయేముందు నా చెయ్యి పట్టుకుని, ఊళ్లో మళ్లీ ఎవరూ కథకి పిలవకపోతే ఎట్లా రాజన్నా అన్నాడు. నాకేం తెలుసు. పిలవకపోతే వాళ్ల ఖర్మ అన్నాను.

మూడు వారాలు ఏ కబురూ లేదు. శుక్రవారాలు బండికి పని లేక నాకు పిచ్చెక్కింది. ఒకరోజు గౌరవ్వ ఫోను వచ్చింది, నాకు కాదు, సుందరికి.

"అక్కా, నీకు చర్చిల పాడి పాడి గొంతు పట్టేస్తే ఏం చేస్తవ్? నాది మొత్తం పొయ్యింది."

"ఎందుకు పోయింది?"

"ఆ బురైదా పాట ఎవలో ఫోన్ల పెట్టిరట గద, ఈడ అందరు చూసిన్రు. సౌదీల మొగోళ్లున్న ఇండ్లోళ్లంత ఆ పాట పాడిపొమ్మని పిలుస్తున్నరు. తొమ్మిది ఊర్లయినయ్, ఇంకా పదకొండున్నయ్. మొన్న సర్పంచ్ పెండ్లాం మమ్ములను ఇంట్లకు పిలిచి చాప పరిచింది. ఆమె కొడుకు సుత దమ్మాంలనే ఉన్నడట."

వేడినీళ్లలో ఉప్పు వేసి పుక్కిలించమని, రెండ్రోజులు మాట్లాడవద్దని నర్సమ్మ సలహా చెప్పింది. దేవన్నని పిలవమన్నాను నేను. శారదకి తీగ తెగితే కొనడానికి కరీంనగర్ పోయాడట.

"రెండ్రోజులు మాట్లాడకుంటే ఎట్లక్కా, ఎల్లుండి కథున్నది" అంది గౌరవ్వ. ఫోను పెట్టబోతూ మళ్లీ అంది. "మీ దిక్కు ఇంకెవలన్న పాడేటోళ్లుంటే నువ్వు వంత అందుకో, నాకేం లేదు. కుడి దిక్కు నిలబడు. నా పాట మాత్రం తియ్యనియ్యకు."